పై చార్టు (pie chart)లో మొత్తం ఏది?

ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి 553 మిల్లీమీటర్లని చాలాకాలం లెక్కల్లో రాసుకుంటూ వచ్చారు. అందులో 338 నైరుతిది, 156 ఈశాన్యానిది. జనవరి నుంచి మే దాకా అడపాదడపా పడేది మిగిలిన 59. ఈ మూడంకెలకు పై చార్టు, అంటే వృత్తాన్ని వాటాల ముక్కలుగా కోసిన బొమ్మ, గీస్తే 61, 28, 11 శాతాలతో మూడు ముక్కలొస్తాయి. సమీక్షా సమావేశంలో వెనక వరుసలో కూర్చున్న మనిషికి కూడా ఒక్క చూపులో రెండు సంగతులు తెలిసిపోతాయి. సగానికి పైగా వాన నైరుతిదే. పావు కంటే కొంచెం ఎక్కువ ఈశాన్యానిది. నైరుతి మొహం చాటేస్తే జిల్లా గతి ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

పై చార్టుకు చేతనైన పని ఇదొక్కటే: మొత్తంలో దీని వాటా ఎంత అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం. పావు, అర, ముప్పావు అన్నవి గుండ్రటి బొమ్మలో కన్ను ఇట్టే పట్టేస్తుంది. 22 శాతానికీ 26 శాతానికీ తేడా మాత్రం పట్టలేదు. గడియారంతో పోల్చుకోండి. నిండు వృత్తం 360 డిగ్రీలు, ఒక శాతానికి 3.6 డిగ్రీలు, అంటే 5 శాతం ముక్క గడియారం మీద మూడు నిమిషాల మేర. అంకెలు లేని గడియారంలో మూడు నిమిషాల జాగా ఏదో, నాలుగు నిమిషాల జాగా ఏదో చూపుతో చెప్పడం ఎవరి తరం? 1984లో అమెరికాలో గణాంక నిపుణులు విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ ప్రయోగాలు చేసి తేల్చింది కూడా ఇదే. ఒకే గీత మీద నిలబెట్టిన కడ్డీల ఎత్తుల్ని మనుషులు బాగానే పోల్చుకుంటారు, కోణాల దగ్గరికొచ్చేసరికి తడబడతారు. 1801లో విలియం ప్లేఫెయిర్ అచ్చువేసిన తొలి పై చార్టుల్లో ఒకటి టర్కీ సామ్రాజ్యం నేల ఆసియా, యూరప్, ఆఫ్రికాల్లో ఎంతెంత ఉందో చూపే మూడు ముక్కల బొమ్మ. ఇప్పటికీ ఆ దరిదాపుల్లో ఉంటేనే మంచిది. మూడు నుంచి ఐదు ముక్కలు, మహా అయితే ఆరు.

అదే వానను నెలలవారీగా గీస్తే పన్నెండు ముక్కలవుతాయి. సెప్టెంబరు పెద్దదో అక్టోబరు పెద్దదో తెలీదు, ఏ నెల తర్వాత వాన ఎలా తగ్గిందో అసలే తెలీదు. కాలక్రమం ఉన్న దేనికైనా నిలువు కడ్డీలే గీయాలి. ఉమ్మడి జిల్లాలోని 63 మండలాల్ని ఒకే వృత్తంలో కూరితే సగటు ముక్క 5.7 డిగ్రీలు. అది చార్టులా ఉండదు, గొడుగు ఊచల్లా ఉంటుంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వాన 553 పడినా, 300 పడినా వృత్తం సైజు ఒకటే. రెండేళ్ల చార్టుల్ని పక్కపక్కన పెడితే కరువు ఏడాది, మంచి ఏడాది ఒకేలా కనిపిస్తాయి. రెండేళ్లను పోల్చాలంటే మిల్లీమీటర్లలోనే, ముక్కల్ని ఒకదాని మీదొకటి పేర్చిన కడ్డీలు గీయండి. వాటాలే ముఖ్యమైతే 100 శాతం పేర్చిన కడ్డీలు పెట్టండి. పై చార్టే కావాలని పట్టుబడితే కనీసం మొత్తం అంకె శీర్షికలోనైనా ఉండాలి.

మొత్తం ఎక్కడ దెబ్బతింటుంది

డ్యాష్‌బోర్డులో (చార్టులన్నీ ఒకేచోట చూపే తెరలో) పై చార్టు తప్పు చెబుతోందంటే రంగుల దగ్గర కాదు, హారం (దేనితో భాగిస్తామో ఆ మొత్తం) దగ్గర వెతకాలి. ముక్క ఎంత అన్నది అందరూ సరిచూస్తారు. దేనిలో ఎంత అన్నది మాత్రం టూల్‌కే వదిలేస్తారు. టూల్ తనకు కనిపించిన ముక్కలన్నీ కూడి అదే మొత్తం అనుకుంటుంది.

అన్నింటికంటే అమాయకమైన తప్పు ఎక్సెల్‌లో జరుగుతుంది. పట్టిక కింద ఉన్న మొత్తం వరుసను కూడా కలిపి సెలెక్ట్ చేస్తారు. అప్పుడు వృత్తంలో సరిగ్గా సగం మొత్తమే ఆక్రమిస్తుంది, మిగతావన్నీ తమ వాటాలో సగానికి కుంగిపోతాయి. ఏ చార్టులోనైనా ఒక ముక్క కచ్చితంగా 50.0 శాతం ఉంటే ముందు ఈ అనుమానం రావాలి.

టాప్ ఎన్ ఫిల్టర్ ఇంత సులువుగా దొరకదు. లెక్క కోసం కర్నూలులో ఒక యార్డుకు 10,000 క్వింటాళ్ల ఉల్లి వచ్చిందనుకుందాం. ఊళ్లవారీగా చూపితే ముక్కలు మరీ ఎక్కువవుతాయని మైక్రోసాఫ్ట్ వాళ్ల చార్టుల టూల్ పవర్ బీఐలో టాప్ ఎన్ పెట్టి మొదటి ఐదు ఊళ్లనే ఉంచారు. ఆ ఐదింటిదీ కలిపితే 6,200, అందులో మొదటి ఊరిది 1,860. ఆ ఊరి అసలు వాటా 18.6 శాతం. చార్టు మీద మాత్రం 30 శాతమని పడుతుంది, ఎందుకంటే మిగతా 3,800 క్వింటాళ్లు ఆ చార్టు దృష్టిలో లేనే లేవు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. చూసేవాళ్లు దాన్నే నోట్ చేసుకుని పోతారు. దీనికి విరుగుడు, మిగతా ఊళ్లన్నిటినీ ‘ఇతరాలు’ అనే ఒకే పేరు కిందికి తేవడం. పవర్ బీఐలో ఆ ఫీల్డు మీద రైట్ క్లిక్ చేస్తే న్యూ గ్రూప్ వస్తుంది. కానీ అది చేత్తో కట్టిన గుంపు, వచ్చే నెల మొదటి ఐదు ఊళ్లు మారితే అది మారదు. రోజూ మారే డేటా అయితే డేటాను చార్టుకు ముందు సర్దే పవర్ క్వెరీలోనో, డేటాబేస్‌లోనో ర్యాంకు వేసి ఆరో ర్యాంకు నుంచి ‘ఇతరాలు’ అని రాయించాలి. గూగుల్ వాళ్ల లుకర్ స్టూడియో ఈ విషయంలో కాస్త నయం. ఎన్ని ముక్కలు కావాలో అడుగుతుంది, మిగిలినవాటిని తనే ఒక గుంపు చేస్తుంది. అడగకపోతే పది ముక్కలు గీస్తుంది, దాన్ని ఐదుకు దించండి.

మెట్ట రైతుల లెక్కల్లో ఇంకో మెలిక ఉంటుంది. అనంతపురం వైపు వేరుశనగలో కంది అంతర పంటగా వేయడం మామూలే. ఒక సర్వేలో 700 మంది రైతులున్నారని, వాళ్లలో వేరుశనగ వేసినవాళ్లు 600, కంది వేసినవాళ్లు 450 అని అనుకుందాం. 350 మంది రెండూ వేశారన్నమాట. దీనికి పై చార్టు గీస్తే 600నూ 450నూ కూడి 1,050 మొత్తమనుకుని 57 శాతం వేరుశనగ, 43 శాతం కంది అంటుంది. నిజం వేరు. రైతుల్లో 86 శాతం మంది వేరుశనగ వేశారు, 64 శాతం మంది కంది వేశారు. ఈ రెండూ కలిస్తే వంద దాటుతుంది, దాటాలి కూడా. ఒకే మనిషి రెండు ముక్కల్లో ఉండే లెక్క ఏదైనా పై చార్టుకు పనికిరాదు. రెండు అడ్డ కడ్డీలు గీస్తే సరిపోతుంది. వృత్తమే కావాలంటే వేరుశనగ మాత్రమే 250, కంది మాత్రమే 100, రెండూ 350 అని విడగొట్టి గీయండి. అప్పుడు మొత్తం నిజంగానే 700 అవుతుంది.

ఎకరా దిగుబడి, క్వింటా ధర, సగటు హాజరు లాంటివి కూడితే అర్థం రాదు కాబట్టి వాటికి వృత్తం వద్దు. వాపసు వచ్చిన సరుకును మైనస్ 200 అని రాస్తే ఎక్సెల్ ఆ మైనస్‌ను పక్కనపెట్టి 200 ముక్క గీసేస్తుంది. గూగుల్ చార్ట్స్ అయితే రుణ అంకెలు పై చార్టుకు చెల్లవని మొహం మీదే చెబుతుంది. ఆ మొరటుతనమే మేలు.

పేర్ల సంగతి వేరు. అనంతపురాన్ని ఇంగ్లిషులో టి తర్వాత హెచ్ పెట్టి రాసేవాళ్లున్నారు, పెట్టనివాళ్లున్నారు, చివర మూ కలిపేవాళ్లున్నారు. టూల్‌కు అవి మూడు ఊళ్లు, మూడు ముక్కలు. తెలుగులో రాసినా తప్పించుకోలేం. కల్యాణదుర్గం, కళ్యాణదుర్గం రెండూ వస్తాయి. ‘వైఎస్సార్’ తర్వాత కొందరి కీబోర్డు కంటికి కనబడని ఒక విడదీత అక్షరం వేస్తుంది, కొందరిది వేయదు. స్క్రీన్ మీద రెండూ ఒకేలా ఉంటాయి, చార్టులో మాత్రం వేర్వేరు ముక్కలవుతాయి. ఎక్సెల్‌లో ట్రిమ్ దాన్ని తీయదు. సబ్‌స్టిట్యూట్‌లో యూనిచార్ 8204ను (ఆ అక్షరం కోడ్) వెతికి ఖాళీతో మార్చాలి. వీటన్నిటికంటే మంచిది, పేర్లతో కాకుండా మండలం కోడ్‌తో లెక్కగట్టి పేరును చివర్లో అతికించడం.

జిల్లాల విభజనను కూడా మరిచిపోకూడదు. 2022 ఏప్రిల్ 4న హిందూపురం, కదిరి, ధర్మవరం, పుట్టపర్తి శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. అంతకుముందు డేటాలో అనంతపురం అంటే ఒకటి, తర్వాత ఇంకొకటి. కర్నూలు, కడపలది కూడా ఇదే వరస. ఐదేళ్ల డేటాను జిల్లా పేరుతో ముక్కలు చేస్తే అనంతపురం వాటా ఎందుకు పడిపోయిందని ఎవరో ఒకరు అడుగుతారు. మండలాల నుంచి కూడుకుంటూ వచ్చి ఉమ్మడి జిల్లా, కొత్త జిల్లా అని రెండు కాలమ్‌లు విడిగా పెట్టుకోండి.

ఎక్సెల్‌లో చెయ్యి పెడితే

హారం సరిపోయాక ముస్తాబుకు రావచ్చు. రెండు కాలమ్‌లు చాలు, పేరొకటి, అంకె ఒకటి. మూడో కాలమ్ ఇచ్చినా పై చార్టు మొదటి అంకెల కాలమ్‌నే గీసి రెండోదాన్ని చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకు వరస చేయండి. ‘ఇతరాలు’ ఎంత పెద్దదైనా చివర్లోనే ఉండాలి. ఇన్సర్ట్‌లోకి వెళ్లి టూ డీ పై ఎంచుకోండి. త్రీ డీ వైపు చూడొద్దు. పళ్లేన్ని వాల్చినప్పుడు మన వైపున్న ముక్కకు అంచు మందం కూడా కలిసి అసలు కంటే పెద్దగా కనిపిస్తుంది. అది అలంకారం కాదు, అబద్ధం.

తర్వాత లెజెండ్‌ను తీసేయండి. పక్కనున్న రంగుల పట్టీకీ వృత్తానికీ మధ్య కళ్లు తిప్పుకోవడం చూసేవాళ్లకు అనవసరమైన చాకిరీ. డేటా లేబుల్స్ పెట్టి, వాటి మీద రైట్ క్లిక్ చేసి, ఫార్మాట్ డేటా లేబుల్స్‌లో కేటగిరీ నేమ్, పర్సంటేజ్ టిక్ చేసి, వాల్యూ తీసేయండి. సెపరేటర్ న్యూ లైన్, పొజిషన్ అవుట్‌సైడ్ ఎండ్. చిన్న ముక్కల లేబుళ్లు ఒకదాని మీదొకటి ఎక్కితే రెండు దారులున్నాయి. ఒకటి, నంబర్ విభాగంలో కస్టమ్ ఫార్మాట్‌గా [<0.03]"";0% అని రాయడం. 3 శాతానికి తక్కువున్న చోట అంకె మాయమవుతుంది. అయితే పేరు ఉండిపోతుంది కాబట్టి లేబుల్‌లో శాతం ఒక్కటే ఉన్నప్పుడే ఇది శుభ్రంగా పనిచేస్తుంది. రెండోది వృత్తాన్ని తిప్పడం. మామూలుగా మొదటి ముక్క పన్నెండు గంటల దగ్గర మొదలై గడియారం దిశలో తిరుగుతుంది, దాంతో చిన్న ముక్కలన్నీ పదకొండు, పన్నెండు మధ్య పేరుకుపోయి లేబుళ్లు శీర్షికకు కొట్టుకుంటాయి. యాంగిల్ ఆఫ్ ఫస్ట్ స్లైస్‌ను 90 చేస్తే అవి కుడి వైపు పైకి, మూడు గంటల ముందుకు వస్తాయి. అక్షరాలు అడ్డంగా పరుచుకుంటాయి కాబట్టి పక్కన ఒకదాని కింద ఒకటి సర్దుకుంటాయి, నెత్తి మీద మాత్రం సర్దుకోలేవు. ఇలా తిప్పినందుకు పెద్ద ముక్క పన్నెండు నుంచి మొదలయ్యే సౌలభ్యం పోతుంది. సగం దాటిందా లేదా అన్నదే కథ అయితే తిప్పకండి, చిన్నవాటిని కలిపేయండి.

ముక్కల మధ్య తెల్ల గీత ఒకటిన్నర పాయింట్ ఉంటే చాలు. బయటికి లాగిన ముక్క ఉంటే ఒక్కటే ఉండాలి. అన్నీ లాగితే పగిలిన పింగాణీ పళ్లెంలా ఉంటుంది. చిన్న ముక్కల్ని పక్కన విడిగా చూపాలంటే, వాటిని ఇంకో వృత్తంలో పెట్టే పై ఆఫ్ పై కంటే కడ్డీలో పెట్టే బార్ ఆఫ్ పై మెరుగు. స్ప్లిట్ సిరీస్ బై దగ్గర పర్సంటేజ్ వాల్యూ ఎంచుకుని 5 పెడితే అంతకు తక్కువవి పక్కన కడ్డీలోకి వెళ్తాయి. ఏ వరుసలు వెళ్లాలో ఎక్సెల్‌కే వదిలేస్తే చివరి వరుసల్ని వాటి సైజు చూడకుండా పంపేస్తుంది.

డోనట్ అంటే నడిమధ్య చిల్లు ఉన్న పై చార్టే. ఆ చిల్లే దాని లాభం, మొత్తం అంకెకు అక్కడ చోటు దొరుకుతుంది. చార్టును సెలెక్ట్ చేసి ఉంచి టెక్స్ట్ బాక్స్ గీసి, ఫార్ములా బార్‌లో సమాన గుర్తు కొట్టి మొత్తం ఉన్న గడిని నొక్కితే డేటా మారినప్పుడల్లా అంకె మారుతుంది. చార్టును సెలెక్ట్ చేయకుండా గీస్తే బాక్స్ షీట్ మీద ఉండిపోతుంది, చార్టును జరిపితే వెంట రాదు. చిల్లు 60, 65 శాతం ఉంటే బాగుంటుంది. మరీ పెంచితే గాజులా సన్నబడి ముక్కలు పోల్చుకోలేం. ఎక్సెల్ డోనట్‌లో లేబుల్‌ను బయట పెట్టే ఆప్షన్ లేదు, చేత్తో లాక్కోవాలి. రెండు వలయాల డోనట్ జోలికి మాత్రం పోవద్దు. ఒకే 30 శాతం బయటి వలయంలో పొడుగ్గా, లోపలి దాంట్లో పొట్టిగా కనిపిస్తుంది.

101 శాతం పేచీ

45.6, 27.8, 15.7, 10.9. కూడితే సరిగ్గా 100. దశాంశాలు తీసేసి చూపితే 46, 28, 16, 11 అవుతాయి, కూడితే 101. సమావేశంలో ఎవరో ఒకరు కాలిక్యులేటర్ తీస్తారు, అక్కడి నుంచి మిగతా డ్యాష్‌బోర్డు మీద నమ్మకం పోతుంది. దీనికి పాత పద్ధతి ఒకటుంది. అన్నిటికీ ముందు పూర్ణాంకాలే ఇవ్వండి: 45, 27, 15, 10, కూడితే 97. మిగిలిన మూడింటిని పెద్ద శేషం ఉన్నవాటికి వరసగా పంచండి. 0.9, 0.8, 0.7 ఉన్నవాటికి ఒక్కొక్కటి దక్కి 11, 28, 16 అవుతాయి, 45.6 మాత్రం 45 దగ్గరే ఆగిపోతుంది. వెబ్‌లో చార్టులు గీసే ఈచార్ట్స్ లైబ్రరీ శాతాల్ని ఈ పద్ధతిలోనే సరిపుచ్చుతుంది. ఎక్సెల్ అలా చేయదు. ఆడిట్‌కు వెళ్లే రిపోర్టులో 45.6ను 45 అని చూపడం కొత్త పేచీ తెస్తుంది కాబట్టి అక్కడ ఒక దశాంశం ఉంచడమే తెలివి. గోడ మీది తెరకైతే పూర్ణాంకాలు చాలు.

రంగులు, అక్షరాలు

ఎక్సెల్ రంగును పేరుకు కాదు, వరుసకు ఇస్తుంది. మొదటి వరుసకు నీలమంటే నీలమే. ఈ నెల వేరుశనగ మొదట ఉండి నీలమైతే, వచ్చే నెల పత్తి పైకొస్తే నీలం పత్తికి పోతుంది. పోయిన నెల బొమ్మ గుర్తున్నవాళ్లు తిరగేసి చదువుకుంటారు. పంటకొక రంగు ముందే నిర్ణయించి డ్యాష్‌బోర్డు అంతటా అదే వాడండి. పవర్ బీఐలో ఫార్మాట్‌లోని స్లైసెస్ కింద ఒక్కో పేరుకు రంగు కట్టొచ్చు. ‘ఇతరాలు’కు బూడిద, ‘వివరం లేదు’కు ఇంకా లేత బూడిద. ఖాళీ గడులను ఫిల్టర్ చేసి దాచకండి, అవి కూడా మొత్తంలో భాగమే.

ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వద్దు. వర్ణాంధత్వం ఉన్నవాళ్లకు అవి ఒకటే, నలుపు తెలుపు జిరాక్స్‌లో అందరికీ ఒకటే. పక్క ముక్కల మధ్య వెలుగులో తేడా ఉండాలి. వెబ్ ప్రమాణాలు బొమ్మల భాగాలకు అడిగేది 3కి 1 నిష్పత్తి. మన దగ్గర ఇంకో జాగ్రత్త కూడా అవసరం. రంగుల్లో పార్టీ జెండాలు కనిపిస్తే జనం పంట చూడరు, పార్టీని చూస్తారు.

తెలుగు లేబుళ్లకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి 9 పాయింట్లలో అలుక్కుపోతాయి. 11, 12 పెట్టండి. విండోస్‌లో నిర్మలా యూఐ, వెబ్‌లో నోటో సాన్స్ తెలుగు నిలబడతాయి. పాత అను ఫాంట్లలో టైపు చేసిన పట్టికలను అలాగే ఎక్కిస్తే డ్యాష్‌బోర్డులో పిచ్చి గీతలు వస్తాయి, ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. వెబ్ కోసం కోడ్‌తో చార్టులు గీసే చార్ట్ జేఎస్‌తో చేసేవాళ్లు ఫాంటు పూర్తిగా లోడయ్యాకే చార్టు గీయించాలి. కాన్వాస్ మీద ఒకసారి వేరే ఫాంటుతో పడిన అక్షరం, మళ్లీ గీసేదాకా మారదు. కోడ్ రాసేవాళ్లు వాడే లైబ్రరీల గురించి ఇంకో మాట. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మూడు గంటల దగ్గర మొదలుపెట్టి అపసవ్యంగా తిరుగుతుంది, ప్లాట్లీ కూడా చెప్పకపోతే అపసవ్యమే. ఎక్సెల్ బొమ్మ పక్కన వాటిని పెట్టేటప్పుడు దిశ సరిచేయండి.

నొక్కి మరిచిపోయిన ముక్క

పవర్ బీఐలో ఒక ముక్కను నొక్కితే పేజీలోని మిగతా చార్టులన్నీ దానికి స్పందిస్తాయి. బాగానే ఉంటుంది, నొక్కినవాళ్లకు గుర్తున్నంతసేపు. ఈశాన్యం ముక్క నొక్కి, సగం పేజీ మారిపోయిన సంగతి గమనించకుండా స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. అక్కడికి ముక్క మీద మౌస్ పెడితే కనబడే టూల్‌టిప్ వెళ్లదు, ఫిల్టర్ గుర్తూ వెళ్లదు, అంకె ఒక్కటే వెళ్తుంది. అందుకే రెండు పనులు చేయాలి. ఫార్మాట్‌లో ఎడిట్ ఇంటరాక్షన్స్ తెరిచి, స్పందించాల్సిన చార్టులకు ఫిల్టర్ ఇచ్చి, మొత్తం చూపే కార్డుకు నన్ (None) పెట్టాలి. చార్టు శీర్షికకు పక్కనున్న ఎఫ్ఎక్స్ బటన్ నొక్కి, ఏ సీజన్, ఏ జిల్లా, 63లో ఎన్ని మండలాల డేటా వచ్చిందీ చెప్పే లెక్క సూత్రాన్ని, అంటే మెజర్‌ను కట్టాలి. అప్పుడు 41 మండలాలతో వచ్చిన చార్టు స్క్రీన్‌షాట్‌లో కూడా 41 మండలాలదేనని చెప్పుకుంటుంది.